ఏది అరగాలి?

తోలితే బండి అరుగుతుంది. తోలకుండా నిలబెడితే తుప్పు పడుతుంది. ఈ రెండూ కాని మూడో దారి ఉందేమోనని మనవాళ్ళు చాలాకాలంగా వెతుకుతున్నారు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ వెతుకులాటకు నిదర్శనాలు వరసగా, కవర్లు కప్పుకుని నిలబడి ఉంటాయి. ఆ కవర్ల కింద బ్యాటరీ దిగిపోతుంటుంది. ట్యాంకులో పెట్రోలు పాతబడి జిడ్డుగా మారుతుంటుంది. టైరు ఒకే చోట బరువు మోసి మోసి అక్కడే నొక్కుకుపోతుంది. తీరిక దొరికిన ఎలుక వైర్లు కొరుకుతుంది. సీటు మీద షోరూంవాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ మాత్రం చెక్కుచెదరదు. టీవీ రిమోట్‌కి పాలిథిన్ సంచి తొడిగి, ఆ సంచి చిరిగితే దానిమీద ఇంకో సంచి తొడిగే జాతి మనది. అటక మీద ఇత్తడి గంగాళం, బీరువాలో కలరా ఉండల మధ్య పట్టుచీర. దాచడమనే విద్యలో మనల్ని మించినవాళ్ళు లేరు. ఎంత దాచినా ఆ చీర మడతల దగ్గర చిరగనే చిరుగుతుంది.

అరుగుదల తప్పదని ఒప్పుకున్నాక మిగిలే ప్రశ్న ఒకటే. ఏది అరగాలి?

రైడ్ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం సెల్లార్‌లో పీట వేసుకుని, పక్కన బకెట్టు పెట్టుకుని బండి ముందు కూర్చుంటే బుర్రలో తిరిగేది ఈ ప్రశ్నే. నాది 200 సీసీ హీరో ఎక్స్‌పల్స్. మట్టిలో పందేలకు మాత్రమే పుట్టిన అసలుసిసలు డర్ట్ బైకుల పక్కన పెడితే ఇది బరువైన బండి. లైట్లూ ఇండికేటర్లూ నంబరు ప్లేటూ పెట్టుకుని వారమంతా ఆఫీసుకు పోయి, ఆదివారం గుట్టలెక్కే రకం. అయినా మట్టిదారి కోసం చేసిన బండేనని చక్రాలు చెబుతాయి. ముందుది 21 అంగుళాలు, వెనకది 18, రెండూ స్పోకులవి. ఇంజను పొట్టకూ నేలకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం. మేం ఎక్కువగా పోయేది వికారాబాద్ వైపు, మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల చుట్టుపక్కల, ఊరికీ ఊరికీ మధ్య ఇంకా తారు పడని బండ్ల బాటల మీద.

ఎదురు ఫ్లాట్ పెద్దాయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. సాయంత్రం నడకకు దిగి, నా పీట దగ్గర ఆగి, ప్రతిసారీ అదే లెక్క వేస్తారు. "పొద్దున్నంతా బురద పూసుకు రావడం, సాయంత్రమంతా కడుక్కోవడం. అసలక్కడికి పోకపోతే రెండు పనులూ తప్పుతాయి కదండీ?" ఆయన లెక్కలో తప్పులేదు. ఆయన స్కూటరు కవరు కిందే ఉంది.

బండికి అంటిన మట్టిని బట్టి నేనెటు తిరిగొచ్చానో చెప్పేది మా వాచ్‌మన్. అతనిది మహబూబ్‌నగర్ వైపు పల్లె. ఇంజను కింద నుంచి ఒక పెళ్ళ ఊడదీసి, వేళ్ళ మధ్య నలిపి, "ఇది రేగడి సార్. మా దిక్కు చెల్క" అంటాడు. వికారాబాద్ చుట్టూ రెండూ తగులుతాయి. ఎప్పుడో చల్లారిన దక్కను లావా అంచు అక్కడి దాకా వచ్చింది కాబట్టి నల్లరేగడి. హైదరాబాదుకు దగ్గరవుతున్న కొద్దీ గ్రానైటు చితికి తయారైన ఎర్ర చెల్క, మొరం. రేగడి మెత్తని బంకమట్టి. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. డర్ట్ బైకుల ముందు మడ్‌గార్డు చక్రానికి అంత ఎత్తున ఎందుకు పెడతారో వానాకాలం రేగడిలో దిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మడ్‌గార్డు టైరుకు దగ్గరగా ఉంటే మధ్యలో మట్టి కూరుకుని చక్రాన్నే కదలనివ్వదు. అలాంటి రోజు ఇంటికి చేరిన బండిని చూస్తే లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా అయ్యో అంటారు.

అయ్యో అనాల్సిన రోజు అది కాదు. రేగడి బరువైనది, మొండిది, కానీ దానిలో గరుకు తక్కువ. గ్రానైటు చితికిన మొరంలో క్వార్ట్జ్ రేణువులు దండిగా ఉంటాయి. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్‌ది 7. మామూలు ఉక్కు దానికన్నా మెత్తన. వేసవిలో మొరం బాట మీద ముందుపోయే బండి లేపే దుమ్మంటే, ఉక్కును గీయగల పొడి గాలిలో తేలడమన్నమాట. అందులోంచి మన బండి పోతుంది. ఇంటికొచ్చాక ఒక పొడిగుడ్డతో తుడిస్తే కొత్తదానిలా తేలుతుంది. చూసినవాళ్ళు శుభ్రంగా ఉందనుకుంటారు. బురద బండికి గంటసేపు స్నానం, దుమ్ము బండికి ఒక్క తుడుపు. అసహ్యంగా కనిపించిన మట్టి పైనే ఉండిపోయింది, కంటికి ఆనని మట్టి లోపలికి దారి వెతుక్కుంది. అందుకే బండి ఎంత మురికిగా ఉందని కాక, మురికి ఎక్కడిదాకా పోయిందని చూడాలి.

దాని దారి ఇంజను ఊపిరి గుండానే. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే 3000 సార్లు. థ్రాటిల్ పూర్తిగా తిప్పి గుట్ట ఎక్కిస్తుంటే, ఒక్కో పీల్పుకు 200 మిల్లీలీటర్ల లెక్కన నిమిషానికి 600 లీటర్ల దాకా గాలి లోపలికి పోతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్లతో సరిపెట్టుకుంటాడు. ఆ 600 లీటర్లలోని దుమ్మంతా అరచేతికన్నా కాస్త పెద్దదైన ఎయిర్ ఫిల్టరు స్పాంజి ముక్క మీద ఆగిపోవాలి. ఆగకపోతే సిలిండరు గోడ మీది సన్నని ఆయిలు పొరలో కలుస్తుంది. జిడ్డులో కలిపిన గట్టి పొడిని మెకానిక్కులు వాల్వులు సానపట్టడానికి డబ్బాల్లో కొనుక్కుంటారు, గ్రైండింగ్ పేస్ట్ అని. ఫిల్టరు చిరిగిన బండి ఆ పేస్టును తనే తయారుచేసుకుని తన పిస్టన్ రింగులకే పూసుకుంటుంది. కొన్నాళ్ళకు సైలెన్సరు నుంచి నీలం పొగ, ఆ తర్వాత ఆయిలు తాగడం, ఆపైన "బోరుకొచ్చింది సార్" అన్న మెకానిక్ తీర్పు.

మట్టిలో తిరిగే బళ్ళకు కాగితపు ఫిల్టరు బదులు నూనె పట్టించిన స్పాంజి వాడతారు. నేనూ అదే వేయించాను. ఇందులో దుమ్మును పట్టేది జిగట నూనె. స్పాంజి ఆ నూనె నిలవడానికి ఒక ఆధారం. స్పాంజిలోని వంకర దారుల్లో గాలి సులువుగా మలుపు తిరుగుతుంది. బరువైన దుమ్ము రేణువు తిరగలేక గోడకు కొట్టుకుని అక్కడే అంటుకుంటుంది. దాన్ని శుభ్రం చేయడం తొందరపడి చేసే పని కాదు. బయటికి తీసే ముందే చుట్టూ ఉన్న గూడు తడిగుడ్డతో తుడవాలి, లేదంటే గూట్లోని దుమ్ము నేరుగా ఇంజను నోట్లో పడుతుంది. పెట్రోల్లో ముంచకూడదు, స్పాంజి అతుకుల జిగురు వదులుతుంది. ఫిల్టర్ల కోసం అమ్మే క్లీనర్లోనో గోరువెచ్చని సబ్బు నీళ్ళలోనో గుప్పిట నొక్కి వదులుతూ కడగాలి. మెలిపెట్టి పిండితే అతుకులు విడతాయి. నీడన పూర్తిగా ఆరాలి. ఆరాక పాలిథిన్ సంచిలో వేసి, నూనె పోసి, సంచి పైనుంచే పిసికితే నూనె అంతటా సమంగా పడుతుంది. ఎక్కడైనా స్పాంజి రంగు తేలి కనిపిస్తే అక్కడ నూనె చాలలేదని అర్థం. చివరికి అంచు చుట్టూ సన్నగా గ్రీజు రాయాలి. ఆ గీత తెగిన చోట గాలి ఫిల్టరును తప్పించుకుని పక్కనుంచి దూరుతుంది. కాపలావాడు గుమ్మంలో ఉండగా దొంగ కిటికీలోంచి వచ్చినట్టే.

ఇదంతా చూసి పెద్దాయన, "అంత చిన్న ముక్కకి అంత సేవా?" అన్నారు. ఫిల్టరు గొప్ప దాని తెల్లదనంలో లేదు, నల్లబడడంలో ఉంది అని చెప్పాను. దుమ్ములో తిరిగొచ్చాక ఫిల్టరు తీసి చూస్తే అది శుభ్రంగా ఉందనుకోండి, సంతోషించకూడదు, భయపడాలి. దుమ్ము వేరే దారి కనిపెట్టిందన్నమాట. ఇంజనాయిలూ అంతే. నల్లగా మారిన ఆయిలు చెడిపోయిందని తిట్టుకుంటాం. క్లచ్ ప్లేట్ల పొడినీ మసినీ లోహపు నలుసులనీ తనలో కలుపుకుంది కాబట్టి నల్లబడింది. చేయాల్సిన పని చేసిన గుర్తు అది. వాటికి మనం ఇవ్వగలిగిన గౌరవం వేళకు మార్చడం.

పెద్దాయన కాసేపు ఆలోచించి, "మా బ్రాంచిలో ముందు కౌంటరు క్లర్కు ఉండేదండీ, ఆవిడదీ ఇదే పని" అన్నారు. వచ్చిన ప్రతివాడి కేకలూ ఆవిడ మీద పడేవట. సంతకం కలవలేదని, చెక్కు తిరిగొచ్చిందని, పింఛను పడలేదని. ఆవిడ అందరినీ కూర్చోబెట్టి, సగం గొడవలు అక్కడే తీర్చేది. ఆవిడ సెలవు పెట్టిన రోజు ఆ కేకలన్నీ ఈయన క్యాబిన్లోకి వచ్చి పడేవట. "మరి ఆవిడకు ఎవరైనా నూనె పట్టించారా సార్?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. "కస్టమర్లతో చిరాకు పడుతోందని ట్రాన్స్‌ఫర్ చేశాం" అన్నారు.

ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసులో ఇలాంటి ఫిల్టరు మనుషులు ఉంటారు. తండ్రి కోపాన్ని కొడుకు దాకా, కొడుకు మొండితనాన్ని తండ్రి దాకా పోనివ్వని తల్లి. పైవాళ్ళ తిట్లు కిందివాళ్ళకు చేరనివ్వని సూపర్‌వైజరు. వాళ్ళు నల్లబడుతుంటే స్వభావం మారిందంటాం. స్వభావం మారలేదు, ఫిల్టరు నిండింది. మనిషిని స్పాంజిలా తీసి సబ్బు నీళ్ళలో వేయలేం. సెలవివ్వగలం. అడగగలం. వాళ్ళు ఆపిన దుమ్ము ఎంతో ఒకసారి వాళ్ళ ముందే లెక్క చెప్పగలం.

నీళ్ళ పనిలోనూ ఈ ప్రశ్నే ఎదురవుతుంది. రోడ్డు పక్క వాటర్ సర్వీసింగ్‌లో కుర్రాడు గన్ పట్టుకుంటే బురద పెళ్ళలు పెళ్ళలుగా ఎగిరిపోతుంది. చూస్తుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయికి మూల్యం బేరింగులు చెల్లిస్తాయి. చక్రాల ఇరుసుల్లో, హ్యాండిల్ మెడలో, వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ కీళ్ళలో, ప్రతిచోటా బేరింగుకు కాపలా సన్నని రబ్బరు సీలు అంచొకటే. పైనుంచి కురిసే వానను, చక్రం ఎగజిమ్మే బురదను ఆపడానికి దాన్ని చేశారు. జానెడు దూరం నుంచి దూసుకొచ్చే ధారను ఆపడం దాని వల్ల కాదు. లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావు. గ్రీజును తెల్లగా విరగ్గొట్టి, నింపాదిగా తుప్పు పట్టిస్తాయి. బండి తళతళలాడుతూ ఇల్లు చేరుతుంది. పెయింటు మెరుపు కోసం ఇరుసును అరగదీశామని కొన్నాళ్ళకు గానీ తెలియదు.

కాబట్టి బకెట్టు, మగ్గు, మెత్తటి బ్రష్షు. వీటితో అరిగేది నా సాయంత్రం. అది అరిగినా ఫరవాలేదు. ఇంజను చల్లారే దాకా ఆగాలి. సైలెన్సరు నోటికి రబ్బరు బిరడా పెట్టాలి. మట్టిని ముందు నానబెట్టాలి, పొడిమట్టిని గుడ్డతో రుద్దితే ఆ ఇసుకే ప్లాస్టిక్ మీద గీతలు పెడుతుంది. ఆయిల్ కూలర్ రెక్కల మధ్య ఇరుక్కున్న మట్టిని వెనకవైపు నుంచి నీళ్ళతో మెల్లగా తోయాలి. ఆ రెక్కలు మూసుకుపోతే ఆయిలు చల్లబడదు. కడిగాక బిరడా తీసి ఇంజను కాసేపు నడిపితే దాని వేడికే సందుల్లోని తడి ఆరుతుంది. నాలుగడుగులు నడిపిస్తూ బ్రేకులు నొక్కితే ప్యాడ్లు ఆరతాయి. చైనుకు మాత్రం ఆ పూటే నూనె పడాలి. తడిగా వదిలేస్తే తెల్లారేసరికి నారింజ రంగు తేలుతుంది.

చైను సాగిందంటాం. ఇనుము సాగదు. ఒక్కో లింకులో పిన్నూ, దాని చుట్టూ ఉండే బుషూ వెంట్రుకవాసి అరుగుతాయి. వందకు పైగా ఉన్న కీళ్ళలో ఆ వెంట్రుకవాసి వదులన్నీ కలిసి చైను పొడవుగా తేలుతుంది. ఏ ఒక్క కీలునూ తప్పుపట్టలేం. పొడవు పెరిగిన చైను స్ప్రాకెట్ పళ్ళ మీద ఎక్కాల్సిన చోట ఎక్కక, వాటిని కొక్కేల్లా వంచేస్తుంది. అప్పుడు చైనొక్కటే మారుస్తే పాత పళ్ళు కొత్త చైనును కూడా తమ వంకరకే అలవాటు చేస్తాయి. అందుకే చైనూ స్ప్రాకెట్లూ సెట్టుగా మార్చమని ఏ మెకానిక్ అయినా అంటాడు. బిగువు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చైను వదులుగా ఉంటే చప్పుడు చేస్తుందని కొందరు బిర్రుగా బిగిస్తారు. గుంతలో దిగి వెనక చక్రం పైకి లేచినప్పుడు ఇరుసుకూ ముందు స్ప్రాకెట్‌కూ మధ్య దూరం మారి చైను ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడా లాగుడంతా గేరుబాక్సు షాఫ్టు బేరింగు మీద పడుతుంది. వదులు చైను తనే అరుగుతుంది, బిర్రు చైను గేరుబాక్సును అరగదీస్తుంది. చైను మార్చడం పూట పని. గేరుబాక్సు విప్పాలంటే ఇంజను దించాలి. మాన్యువల్లో రాసినంత వదులు వదిలెయ్యడంలో బద్ధకం లేదు, లెక్క ఉంది.

స్పోకుల పని చెవితో చేయాలి. చిన్న స్పానరుతో ఒక్కోదాన్నీ తట్టుకుంటూ చక్రం తిప్పితే బిగువుగా ఉన్నవి ఖంగుమంటాయి, వదులైంది మొద్దుగా పలుకుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే అది మోయాల్సిన బరువు అటూఇటూ ఉన్నవాటి మీద పడి, ముందు అవే విరుగుతాయి. పని మానినవాడు నిక్షేపంగా ఉండి, పక్కవాడు విరగడం చక్రంలోనూ ఉంది. కొంచెం కొంచెంగా, పావు చుట్టు చొప్పున బిగించాలి. ముందు ఫోర్కుల పని వేలితో. ఎండిన మట్టి నలుసు ఒకటి సీలు కింద చేరితే ఫోర్కు కిందికీ పైకీ ఆడిన ప్రతిసారీ సీలును కోస్తుంది, ఆయిలు కారుతుంది. పాత ఫొటో నెగెటివ్ ముక్కను కత్తిరించి సీలుకూ గొట్టానికీ మధ్య దూర్చి చుట్టూ తిప్పితే ఆ నలుసు బయటికొస్తుంది. ఇంట్లో నెగెటివ్‌లకు ఈ రోజుల్లో ఇంకో పని లేదు. పెళ్ళి ఆల్బంవి తప్ప మిగతావి వాడుకోవచ్చునని అనుమతి వచ్చింది.

ఇలా ఒక్కో భాగం దగ్గరా కూర్చుంటే ఇంకొకటి అర్థమవుతుంది. బండిని గీసిన ఇంజనీర్లు ఈ ప్రశ్న ముందే వేసుకున్నారు. మట్టిలో పడడం మామూలే కాబట్టి ఫుట్‌పెగ్గులు మడతపడేలా చేశారు, లేదంటే రాయి తగిలినప్పుడు చట్రం వంగుతుంది. చాలా లీవర్లకు కొసన చిన్న గాడి ఉంటుంది, పడితే ఆ కొస విరుగుతుంది, మిగిలిన లీవరుతో ఇంటికి రావచ్చు. వైరింగు కాలకుండా ఫ్యూజు కాలుతుంది. అన్నిటికన్నా పెద్ద త్యాగి హెల్మెట్. పెంకు కింద ఉండే థర్మోకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకు నలిగి, ఆ దెబ్బను చాలావరకు తల దాకా పోనివ్వదు. నలిగింది మళ్ళీ లేవదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా పారెయ్యాల్సిందే.

ఈ మాట వాచ్‌మన్‌తో అంటే అతనికి కొత్తగా అనిపించలేదు. "నాగలికైనా అంతే గద సార్. కర్రు అరుగుతది, నాగలి నిలుస్తది. కర్రును కమ్మరాయన కొలిమిల కాల్చి సాగగొడ్తడు. నాగలి దుంగ మల్ల యాడ తెస్తం?" అన్నాడు. నేను ఇన్ని భాగాలు విప్పి చేరిన చోటికి అతను ఒక్క అడుగులో వచ్చేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. అరుగుదలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తోయగలమని తెలిశాక, మనది కాని చోటికి తోసేయాలనిపిస్తుంది. వాన వెలిసిన మర్నాడు మెత్తబడిన బాట మీద గుబ్బల టైరు లోతుగా చాలు తీస్తుంది. తర్వాతి వానకు నీళ్ళు ఆ చాలులోనే పరిగెత్తి బాటను కోసేస్తాయి. సరదాకు ఎక్కి దూకిన పొలం గట్టు ఎవరో రైతు పార పట్టి వేసుకున్నది. అడవిలోకి అనుమతి లేకుండా బండి దూరిస్తే చట్టం ఎలాగూ ఊరుకోదు, చట్టం చూడని రోజున కూడా నేల అరుగుతుంది. డబ్బాలోకి దించిన పాత ఇంజనాయిలు చట్టం దృష్టిలో ప్రమాదకర వ్యర్థం. మోరీలో పోస్తే మన ఇంజను బాగానే ఉంటుంది, అరిగేది చెరువు. షెడ్డులో ఉత్త చేతులతో పెట్రోల్లో పార్టులు కడిగే కుర్రాడి వేళ్ళు పగులుతాయి. మన చైను మెరుస్తుంది. ఏది అరగాలన్న ప్రశ్నకు నీతిగా జవాబు చెప్పాలంటే ముందు ఒక షరతు ఒప్పుకోవాలి. అరిగేది నాదై ఉండాలి. అందుకే వాన మర్నాడు ఊళ్ళ మధ్య గట్టిబాటలకే పోతాం, పాత ఆయిలు డబ్బాలో పట్టి దాన్ని సేకరించేవాళ్ళకే ఇస్తాను, నా బండి మట్టి నేనే కడుగుతాను. ఇందులో పెద్ద పుణ్యమేమీ లేదు. నా సరదా బిల్లు నా పేరు మీద రాయించుకోవడం.

ఈ ప్రశ్నను ఏకంగా ఆట నియమంగా రాసుకున్న పందెం ఒకటుంది. 1913లో ఇంగ్లండులోని కార్లైల్ దగ్గర ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్ మొదలైంది. 1981 నుంచి దాని పేరు సిక్స్ డేస్ ఎండ్యూరో. ఆరు రోజులు, కొండలూ అడవులూ బురదా. రాత్రి బండి రైడరు దగ్గర ఉండదు. కంచె వేసిన ఆవరణలో తాళం వేసి ఉంచుతారు, ముట్టుకోనివ్వరు. రోజు చివర పావుగంట, పొద్దున్నే బయల్దేరే ముందు పది నిమిషాలు, విడిగా ఇచ్చే పని సమయం అంతే. ఆ సమయంలో టైరు మార్చినా ఫిల్టరు మార్చినా రైడరు తన చేతులతోనే మార్చుకోవాలి. నిర్వాహకులు మొదటి రోజు కన్నా ముందే చట్రం మీద, ఇంజను కేసు మీద, చక్రాల హబ్బుల మీద రంగు పూసి గుర్తు పెడతారు. గుర్తు పడినవి ఆరు రోజులూ అవే ఉండాలి. గుర్తు లేనివి మార్చుకోవచ్చు. డాకర్ ర్యాలీలోనూ మెకానిక్ సాయం లేకుండా దిగే ఒక విభాగం ఉంది. పరికరాలకూ విడిభాగాలకూ ఒక్క పెట్టె ఇస్తారు. రోజంతా ఎడారిలో తోలినవాడే రాత్రి కూర్చుని ఫిల్టరు మార్చుకోవాలి. వాళ్ళు అరగదీసుకునేది నిద్రను.

నాకు ఎండ్యూరో పందెంలో నచ్చింది ఆ రంగు డబ్బా. ఎంత తెలివైన రైడరైనా అన్నిటినీ కాపాడుకోలేడని అది ముందే చెప్పేస్తుంది. అన్నిటినీ కాపాడాలనుకునేవాడు చివరికి కవరు కప్పుకుంటాడు. ఏదీ కాపాడనివాడు మూడో రోజుకే నడిచి వస్తాడు. పూర్తిచేసేవాడు రంగు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, రంగు లేనివాటిని ధారాళంగా ఖర్చుపెట్టేవాడు.

ఆ డబ్బా నా చేతికిస్తే నేనెక్కడ పూయాలో ఈ సాయంత్రాలు కొంతవరకు తేల్చాయి. రెండు మోకాళ్ళకు. చెవులకు, అందుకే హెల్మెట్ లోపల ఇయర్ ప్లగ్గులు. ఇంట్లోవాళ్ళకు ఇచ్చిన "చీకటి పడేలోపు వస్తా" అన్న మాటకు. ఊళ్ళో రైతు ఎదురైనప్పుడు బండి ఆపి పలకరించగల మొహానికి. ఇక మార్చుకోదగ్గవాటి జాబితా పెద్దది. పాత ప్యాంటు, గోళ్ళ కింది నలుపు, కొంత డబ్బు, మరికొన్ని సాయంత్రాలు, బాగా తోలతాడన్న పేరు.

ఆ చివరిది రాయడం తేలిక, అరగనివ్వడం కష్టం. నాతో రైడ్‌కు వచ్చేవాళ్ళు కుర్రాళ్ళు. గుట్ట మీద నుంచి రాళ్ళ వాలు ఒకటుంటుంది, నిటారుగా, కింద ఎండిన వాగు. వాళ్ళు పెగ్గుల మీద నిలబడి, ఒళ్ళు వెనక్కి వంచి, దుమ్ము లేపుకుంటూ దిగిపోతారు. నేను బండి దిగి, మొదటి గేరులో ఉంచి, క్లచ్ పట్టి వదులుతూ పక్కనే నడిపించుకుంటూ దిగుతాను. కిందినుంచి ఈలలు వినిపిస్తాయి. వెయ్యనీ. పేరు పాడైతే ఇంకోసారి సంపాదించుకోవచ్చు, మోకాలు సెట్టుగా దొరకదు.